నాన్న కంట్లో వద్దన్నా కొత్త నాళాలు పుడుతున్నాయి, కాల్లో రమ్మన్నా రావట్లేదు. ఎందుకని?

గుణుపురం_గుంటడు
అందరికీ నమస్కారం. మా నాన్నకి షుగరు వచ్చి ఇరవై రెండేళ్లు. దర్జీ పని చేసేవారు. రెండేళ్లుగా సూదిలో దారం మేమే ఎక్కించి ఇస్తున్నాం, వయసు కదా అనుకున్నాం. పోయిన నెల ఒక పొద్దున్న లేచి, ఎడమ కంటి ముందు నల్లగా సాలెగూడు దిగినట్టుందన్నారు. కంటి డాక్టరు చూసి, “కంటి వెనక పొర, అదే రెటీనా, దాని మీద కొత్త రక్తనాళాలు పుట్టాయి, అవి చిట్లి లోపల నెత్తురు కారింది. ఇక పెరగకుండా కంట్లో ఇంజెక్షన్ వెయ్యాలి” అన్నారు. సరే అన్నాం. అదే వారం కుడికాలి బొటనవేలి కింద పుండు ఇంకో డాక్టరుకి చూపిస్తే, “ఇక్కడికి నెత్తురు చాలట్లేదు, కొత్త నాళాలు రావట్లేదు, అందుకే మానట్లేదు” అన్నారు.

మనిషి ఒక్కడే, నెత్తురు ఒక్కటే, షుగరు ఒక్కటే. పైన ఎక్కువ, కింద తక్కువ ఏటి? ఇద్దరిలో ఎవరో ఒకరు పొరబడ్డారా? ఎవరైనా అర్థమయ్యేలా చెప్పండి. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

బరంపురం_బావ
మా వీధిలో రోడ్డు వేసిన కాంట్రాక్టరే మీ నాన్నగారి ఒంట్లో కూడా పని పట్టుకున్నట్టున్నాడు. ఎవరూ నడవని చోట సిమెంటు రోడ్డు, స్కూలు ముందు గొయ్యి.

సరదాకి అన్నాను, ఏమనుకోకండి. నాకూ తెలుసుకోవాలనుంది.

కళ్లజోడు_రాయగడ
నేను ఆప్టోమెట్రీ చదివి పదేళ్లుగా కంటి క్లినిక్కులో పని చేస్తున్నాను. ఇద్దరు డాక్టర్లూ సరిగ్గానే చెప్పారు.

కంటి సంగతి ముందు చెప్తాను. ఒంట్లో ఆక్సిజన్ కోసం బాగా ఆబగా ఉండే కణజాలాల్లో రెటీనా ఒకటి. షుగరు ఏళ్ల తరబడి ఉంటే దాని సన్న నాళాల గోడని పట్టుకుని ఉండే పెరిసైట్లనే కణాలు ముందుగా రాలిపోతాయి. తర్వాత ఆ నాళాలు ఒక్కొక్కటే మూసుకుపోతాయి. నెత్తురు అందని రెటీనా ఊరుకోదు, వీఈజీఎఫ్ అనే ప్రొటీన్ వదులుతుంది. “ఇటు నాళం పంపండి” అని కేక వేయడమే అనుకోండి. ఆ కేకకి నాళాలు వస్తాయి, కానీ రావాల్సిన దారిలో రావు. రెటీనా పైకెక్కి, కంటి మధ్యలో ఉండే జెల్లీ వైపు పాకుతాయి. వాటి గోడలు పలచన. ఒక్క దగ్గుకో తుమ్ముకో కూడా చిట్లవచ్చు. మీ నాన్నగారు చూసిన సాలెగూడు ఆ నెత్తురే.

షుగరు రోగుల కంటి ద్రవంలో ఈ వీఈజీఎఫ్ ఎక్కువగా ఉందని 1994లోనే తేలింది. ఇంజెక్షన్ ఆ ప్రొటీన్‌ని పట్టుకుని కట్టేస్తుంది. కేక ఆగితే నాళాలు ముడుచుకుంటాయి. మందు ప్రభావం కొన్ని వారాలే కాబట్టి మళ్లీ మళ్లీ వేయించుకోవాలి. ఒక్క డోసుతో “తగ్గిపోయింది” అని మానేసినవాళ్లు మా దగ్గరికి ఎలా తిరిగొస్తారో రోజూ చూస్తున్నాను.

కాలి సంగతి తెలిసినవాళ్లు చెప్పాలి.

గుణుపురం_గుంటడు
చాలా థాంక్స్ అండీ. ఇంకో అనుమానం. కేక వినబడగానే నాళం అంత దూరం ఎలా వస్తుంది? పంపులాగా మొత్తం సాగుతుందా?

ల్యాబ్_పురుగు
ఇది నా పని. మాది జయపురం. ఇప్పుడు వేరే ఊళ్లో ఇదే విషయం మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

నాళం మొత్తం సాగదు. సన్న రక్తనాళం లోపలి గోడ అంతా ఎండోథీలియల్ కణాలే, పెంకులు పరిచినట్టు పక్కపక్కనే అంటుకుని ఉంటాయి. మామూలుగా అవి ఏళ్ల తరబడి కదలవు, విభజన చెందవు. ఏదో ఒక కణానికి నాళం నుంచి దూరం 100, 200 మైక్రాన్లు దాటిందంటే ఆక్సిజన్ అందదు. అంటే ఒకటి రెండు వెంట్రుకల మందం, అంతే. అప్పుడు ఆ కణంలో హిఫ్ అనే ప్రొటీన్ పోగవుతుంది. ఆక్సిజన్ ఉన్నంతసేపూ కణం దాన్ని ఎప్పటికప్పుడు నాశనం చేస్తూ ఉంటుంది, లేనప్పుడే అది నిలుస్తుంది. ఈ యంత్రాంగాన్ని విప్పిన కేలిన్, రాట్‌క్లిఫ్, సెమెంజాలకే 2019 నోబెల్ వచ్చింది. నిలిచిన హిఫ్ వీఈజీఎఫ్‌ని తయారు చేయిస్తుంది.

ఆ వీఈజీఎఫ్ దగ్గర్లోని నాళాన్ని తాకినప్పుడు గోడలో ఒక కణం వరస తప్పి బయటికి వస్తుంది. దాన్నే టిప్ సెల్ అంటారు. దాని ఒంటి నుంచి సన్నని వేళ్లలాంటివి పదులకొద్దీ పొడుచుకొస్తాయి. చీకట్లో గోడ తడుముకుంటూ నడిచే మనిషిలాగా ఆ వేళ్లతో వీఈజీఎఫ్ ఎటు చిక్కగా ఉందో చూసుకుంటూ అటు పాకుతుంది. 2003లో హోల్గర్ గెర్‌హార్ట్, బెట్‌షోల్ట్స్ వాళ్ల బృందం ఎలుక పిల్లల రెటీనాలో దీన్ని చూపించింది. విచిత్రం ఏమిటంటే, ఈ ముందు కణం దాదాపు విభజన చెందదు. పాకడమే దాని పని. దాని వెనక వచ్చేవి స్టాక్ సెల్స్. అవి రెండై నాలుగై నాళం పొడవు పెంచుతాయి, లోపల బోలు కూడా చేస్తాయి.

నేను చూసేది జీబ్రా చేప పిల్లల్లో. గుడ్డులో ఒక్క రోజు గడిచేసరికే వాటి వీపు వెంబడి నాళాలు మొలకెత్తుతుంటాయి. ఒళ్లంతా గాజులా పారదర్శకం, మేం నాళాలకి పచ్చని మెరుపు జన్యువు తగిలించి ఉంచుతాం. రాత్రి రెండింటికి మైక్రోస్కోపు ముందు కూర్చుంటే, ఒక పచ్చని కణం వేళ్లు చాపడం, ఒక వేలు వెనక్కి తీసుకోవడం, ఇంకోటి చాపడం కనబడుతుంది. మొదటిసారి చూసిన రోజు ఫోన్ చేసి మా అమ్మని నిద్ర లేపాను. ఆవిడ “చేపల్ని వండుకోక ఏటిరా ఈ గోల” అని పెట్టేసింది.

పర్లాకిమిడి_మేష్టారు
బాగా చెప్పావు బాబూ. ముప్పై ఏళ్లు జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. మా రోజుల్లో పాఠంలో ధమనులు, సిరలు, రక్తకేశనాళికలు, అక్కడితో ఆఖరు. నాళం ఎలా పుడుతుందన్న ప్రశ్నే లేదు.

మా పెరట్లో ఆనపపాదు చూస్తుంటే నువ్వు చెప్పింది అలాగే తోచింది. పందిరి ఎక్కడుందో నులితీగ గాల్లో తడుముకుంటుంది కదా, అదీ నీ టిప్ సెల్.

ఇంకో మాట. టిప్ సెల్, స్టాక్ సెల్ అని ఎన్నాళ్లు? “అగ్రకణం”, “కాండకణం” అనవచ్చు కదా.

ల్యాబ్_పురుగు
నులితీగ పోలిక ఆ వేళ్ల వరకు అచ్చంగా సరిపోతుంది మేష్టారండీ. కానీ ఆనపపాదులో పెరుగుదల చిగుర్లోనే ఉంటుంది, కణాలు విభజన చెందేది అక్కడే. నాళంలో తిరగబడి ఉంటుంది. చివర ఉన్నది పెరగదు, వెనకున్నవి పెరుగుతాయి. దానికంటే మీ ఊరి రైలే దగ్గర పోలిక.

పర్లాకిమిడి_మేష్టారు
అవునవును! నౌపడా నుంచి మా ఊరికి 1900లో చిన్న రైలు వచ్చింది, గుణుపురం చేరేసరికి 1931. దారి చూసేవాళ్లు ముందు, పట్టాలు మోసేవాళ్లు వెనక. బాగుంది.

బరంపురం_బావ
మేష్టారూ, అగ్రకణం, కాండకణం అంటే మా అమ్మాయి ఆ పుస్తకం మూసేస్తుంది. గిడుగు వారు పాఠాలు చెప్పిన ఊళ్లో ఉండి మీరే ఇలా గ్రాంథికం మాట్లాడితే ఎలాగండీ?

పర్లాకిమిడి_మేష్టారు
దెబ్బ బాగానే తగిలింది. అయితే నువ్వే చెప్పు ఏమనాలో.

ఇంటర్_సెకండియర్
అన్నా, నాదొక ప్రశ్న. గోడలో కణాలన్నీ ఒకలాంటివే, వీఈజీఎఫ్ అన్నిటికీ తగులుతుంది. మరి ఒక్కటే ఎందుకు ముందుకొస్తుంది? అన్నీ ఎందుకు రావు? దానికి ఆ జన్యువు వేరేగా ఉంటుందా?

ల్యాబ్_పురుగు
తమ్ముడూ, ఈ రంగంలో అసలైన ప్రశ్న అడిగావు. జన్యువులు అన్నిటిలోనూ అవే. తేడా పక్కింటి గొడవ వల్ల వస్తుంది.

వీఈజీఎఫ్ తగిలిన కణం పైన డీఎల్ఎల్4 అనే ప్రొటీన్ మొలుస్తుంది. అది పక్క కణం మీదున్న నాచ్ అనే గ్రాహకాన్ని తాకుతుంది. తాకించుకున్న కణంలో వీఈజీఎఫ్‌ని వినే చెవి, అంటే రెండో రకం గ్రాహకం, తగ్గిపోతుంది. దాని బదులు మొదటి రకం పెరుగుతుంది. అది వీఈజీఎఫ్‌ని పట్టుకుని ఊరుకుంటుంది, లోపలికి కబురు పెద్దగా పంపదు. ఇక ఆ పక్క కణం వెనకే ఉండిపోతుంది. మొదట్లో ఇద్దరూ ఒకరినొకరు నొక్కుతూనే ఉంటారు. ఎవరికి కేక పిసరంత ఎక్కువ వినబడితే వాళ్లది పైచెయ్యి అవుతుంది, ఆ పిసరే కాసేపటికి కొండంత తేడా అవుతుంది.

ఈ డీఎల్ఎల్4ని ఆపేస్తే ఏమవుతుందో చూశారు. అందరూ ముందుకే. నాళాలు పొదలా గుబురుగా మొలుస్తాయి, కానీ వాటిలో నెత్తురు సరిగా పారదు. 2006లో రెండు బృందాలు ఎలుకల కణితుల్లో ఇదే చేస్తే, నాళాల సంఖ్య పెరిగి కూడా కణితి పెరుగుదల తగ్గింది. ఆ పేపర్ చదివిన రోజు నాకు భోజనం కూడా గుర్తురాలేదు. కణితికి నెత్తురు అందకుండా చేయాలంటే నాళాలు తగ్గించాలని అప్పటిదాకా అందరూ అనుకున్నారు. 1971లో జూడా ఫోక్‌మన్ చెప్పింది కూడా, కణితి పెద్దదవ్వాలంటే కొత్త నాళాలు రావాలని, అవి రాకుండా ఆపాలని. ఇక్కడ పనికిరాని నాళాలు పెంచి కూడా అదే ఫలితం వచ్చింది.

ఇంటర్_సెకండియర్
అయితే ఒకసారి టిప్ అయితే ఎప్పటికీ టిప్పేనా?

ల్యాబ్_పురుగు
కాదు. చాలామంది అలాగే అనుకుంటారు. 2010లో వచ్చిన పనిలో తేలింది, వెనక కణాలు ముందున్నదాన్ని దాటి ముందుకొస్తుంటాయి, ముందున్నది వెనక్కి జారుతుంది. మా కొరాపుట్ వైపు థింసా చూశావా? ఒకరి వెనక ఒకరు చేతులు పట్టుకుని పాములా తిరుగుతారు. చివర ఉన్న ఆవిడ ఎటు లాగితే వరస అటు. ఆవిడ అలిసిపోతే లోపల్నుంచి ఇంకొకరు వచ్చి ఆ చోటు అందుకుంటారు, వరస మాత్రం తెగదు. అచ్చం అలాగే. టిప్ అనేది ఉద్యోగం, కులం కాదు.

బరంపురం_బావ
ఈ ఒక్క వాక్యానికి పది లైకులు.

కొండదారి_వైద్యం
ఇన్ని ఇంగ్లీషు పేర్లు అక్కర్లేదు. తిప్పతీగ రసం పొద్దున్నే తాగించి, పుండు మీద పసుపు, వేపాకు ముద్ద కట్టండి. నాళాలు అవే వస్తాయి. కంటి ఇంజెక్షన్లు డబ్బు గుంజడానికి.

డ్రెస్సింగ్_అక్క
నేను నర్సుని. పదిహేనేళ్లుగా షుగరు పుళ్లకి డ్రెస్సింగులు చేస్తున్నాను. అన్నా, మీ మీద కోపం లేదు, కానీ ఆ ముద్ద విప్పింది నేనే. ఒక పెద్దాయన పది రోజులు ఆకు ముద్ద కట్టుకుని వచ్చాడు. పైన ఎండి పెచ్చు కట్టింది, కింద చీము ఎముక దాకా పోయింది. ఆయనకి నొప్పే లేదు. షుగరుకి నరాలు మొద్దుబారి కాలు చచ్చుబడింది కాబట్టి. నొప్పి లేదంటే తగ్గిందని అనుకోకండి, అదే ప్రమాదం.

గుణుపురం తమ్ముడూ, డ్రెస్సింగ్ మార్చేటప్పుడు పుండు అడుగు ఏ రంగులో ఉందో నువ్వే చూడు. మానే పుండు అడుగు ఎర్రగా, తడిగా, దానిమ్మ గింజలు పరిచినట్టు ఉంటుంది. ఆ గింజలన్నీ కొత్త నాళాల గుత్తులే, గుడ్డ కాస్త రాసుకుంటే చాలు నెత్తురు చెమ్మగిల్లుతుంది. మీ నాన్నది పాలిపోయి పసుపుపచ్చగా ఉందా, నల్లగా ఉందా?

గుణుపురం_గుంటడు
పాలిపోయి ఉందక్కా. చుట్టూ చర్మం చల్లగా ఉంటుంది. కాలి వేళ్ల మీద వెంట్రుకలు కూడా రాలిపోయాయి.

డ్రెస్సింగ్_అక్క
చల్లగా ఉండటం, వెంట్రుకలు రాలడం అంటే పెద్ద నాళంలోనే అడ్డు ఉందేమోనని అనుమానించాలి. డాక్టరు కాలికి డాప్లర్, అంటే నాళాల్లో నెత్తురు ఎలా పారుతోందో చూసే స్కాన్, రాశారా? రాయకపోతే అడుగు. ఆలస్యం చేయొద్దు.

ల్యాబ్_పురుగు
అక్క చెప్పింది అతి ముఖ్యం. నేను ఇందాకటి నుంచి చెప్తున్నవి వెంట్రుక కంటే సన్నని నాళాల సంగతి. పిల్ల కాలువలు ఎన్ని తవ్వినా వంశధారకే అడ్డుకట్ట పడితే పొలానికి నీళ్లు రావు. పెద్ద ధమని పూడిపోతే దాన్ని తెరవాలి, లేదా పక్కనుంచి దారి వెయ్యాలి. అది టిప్ సెల్ వల్ల అయ్యే పని కాదు.

పెద్ద నాళం బాగానే ఉన్నా షుగరు పుండులో మొలకలు సరిగా రావు, దానికి వేరే కారణాలున్నాయి. చక్కెర ఎక్కువగా ఉన్న కణంలో హిఫ్ సరిగా పని చెయ్యదు. అంటే ఆక్సిజన్ లేకపోయినా కేక గట్టిగా రాదు. పుండు శుభ్రం చేయడానికి వచ్చిన మాక్రోఫేజ్ కణాలు కూడా కొట్లాట దశలోనే ఉండిపోతాయి, కట్టుబడి దశకి మారవు. మామూలు ఒంట్లో రెండు మొలకల టిప్ సెల్స్ ఎదురుపడినప్పుడు వాటిని కలిపేది తరచూ ఈ మాక్రోఫేజ్‌లే, పెళ్లిళ్ల పేరయ్యల్లా.

కంట్లో కేక ఎక్కువై, కాల్లో గొంతు పూడి. రెండూ షుగరు పనే. మీ మొదటి ప్రశ్నకి నా జవాబు ఇదీ.

ఇంటర్_సెకండియర్
అన్నా, ఎండోథీలియల్ కణాలు చక్కెర మీదే బతుకుతాయని ఎక్కడో చదివాను. మరి షుగరు ఎక్కువుంటే వాటికి పండగ కదా?

ల్యాబ్_పురుగు
సగం నిజం. టిప్ సెల్ వెళ్లేదే ఆక్సిజన్ లేని చోటికి, అందుకని ఆక్సిజన్ అక్కర్లేని పద్ధతిలో గ్లూకోజ్‌ని విరగ్గొట్టి శక్తి తెచ్చుకుంటుంది. 2013లో బెల్జియంలో పీటర్ కార్మెలియెట్ బృందం చూపించినదాని ప్రకారం ఈ కణాలకి శక్తిలో 85 శాతం దాకా అలాగే వస్తుంది. కానీ నెత్తురులో చక్కెర పెరిగినప్పుడు తలుపు మూసుకోవడం వీటికి చేతకాదు. లోపలికి వస్తూనే ఉంటుంది. విస్తట్లో వడ్డిస్తూనే ఉంటే, వద్దనలేక తిన్నవాడి గతే.

గుణుపురం_గుంటడు
ఇప్పుడు నా అసలు భయం చెప్తాను. కంట్లో వేసే ఇంజెక్షన్ నాళాలు పెరగకుండా ఆపుతుంది కదా. అది ఒళ్లంతా పాకి కాలి పుండుని ఇంకా చెడగొడితే? నాన్న ఇదే అడిగి ఇంజెక్షన్ వద్దంటున్నారు.

కళ్లజోడు_రాయగడ
ఈ ప్రశ్న చాలామంది అడగరు, మీ నాన్నగారిది మంచి బుర్ర.

లెక్క చెప్తాను. కంట్లో వేసే మందుల్లో ఒకటైన బెవాసిజుమాబ్‌నే పెద్దపేగు క్యాన్సర్‌కి సెలైన్‌లో ఎక్కిస్తారు, అమెరికాలో 2004లో అనుమతి వచ్చింది. అక్కడ డోసు కిలో బరువుకి 5 మిల్లీగ్రాములు, అంటే 60 కిలోల మనిషికి 300. ఆ మోతాదులో అది గాయాలు మాననివ్వదు, నిజమే. అందుకే ఆపరేషన్ తర్వాత కనీసం 28 రోజులు ఆగి ఇస్తారు. కంట్లో వేసేది 1.25 మిల్లీగ్రాములు. అందులో కొంత నెత్తురులో కలుస్తుంది, కలవదని అబద్ధం చెప్పను. కానీ రెండింటికీ పొంతన లేదు.

అయినా కంటి డాక్టరుకి కాలి పుండు సంగతి, కాలి డాక్టరుకి కంటి ఇంజెక్షన్ సంగతి తప్పకుండా చెప్పండి. ఈమధ్య గుండెపోటో పక్షవాతమో వచ్చి ఉంటే అదీ చెప్పాలి. రెండు చీటీలు ఒకే ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇద్దరి ముందూ పెట్టండి, చాలు. లేజర్ కూడా వేస్తామంటే భయపడకండి. రెటీనా అంచుల్లో ఆకలితో అరిచే భాగాన్ని కాల్చేస్తారు, అరిచేవాళ్లు తగ్గితే కేక తగ్గుతుంది. కొంచెం పక్కచూపు, రాత్రి చూపు తగ్గవచ్చు, నడిమి చూపు దక్కుతుంది.

ఇంకోటి. మీ ఇంట్లో షుగరు ఉన్నవాళ్లు ఇంకెవరున్నా, చూపు బాగానే ఉన్నా సరే, ఏడాదికోసారి చుక్కల మందు వేయించి రెటీనా చూపించుకోండి. సూదిలో దారం ఎక్కనిది రెండేళ్ల కిందటే అన్నారు చూశారా, అప్పుడే వచ్చి ఉంటే బాగుండేది. మిమ్మల్ని తప్పుపట్టడం లేదు, అందరూ అలాగే చేస్తారు.

డ్రెస్సింగ్_అక్క
మన జిల్లాల్లో ఇంకో మాట చేర్చాలి. సికిల్ సెల్. అది నెత్తురు జబ్బు, అందులో ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగి రెటీనా అంచున సన్న నాళాల్లో ఇరుక్కుంటాయి. అక్కడా అదే కేక, అవే నాళాలు. విసనకర్రలా విచ్చుకుంటాయి కాబట్టి సముద్రంలో పెరిగే సీ ఫ్యాన్ పేరే పెట్టారు. షుగరు లేని పాతికేళ్ల కుర్రాడి కంట్లో కూడా రావచ్చు. సికిల్ కార్డు ఉన్నవాళ్లు కళ్లు కూడా చూపించుకోవాలి, క్యాంపులో ఒళ్లు నొప్పుల గురించి అడుగుతారు గాని కంటి మాట తక్కువ.

కళ్లజోడు_రాయగడ
నూటికి నూరు పాళ్లు. అక్క చెప్పకపోతే నేనే మర్చిపోయేవాణ్ని.

నిర్వాహకుడు
పుండు ఫొటో పెట్టిన సభ్యుడి పోస్టు తీసేశాను. భోజనాల వేళ. తిప్పతీగ మీద నడుస్తున్న నలభై వ్యాఖ్యల గొడవని వేరే చర్చలోకి మార్చాను, అక్కడ కొట్టుకోండి.

గుణుపురం_గుంటడు
పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి. డాప్లర్ తీశారు. మోకాలి కింద ధమనిలో అడ్డుంది. వచ్చే మంగళవారం బెలూన్‌తో తెరుస్తామన్నారు. రెండు చీటీలూ ఒకే కవర్లో పెట్టి ఇద్దరికీ చూపించాను, కళ్లజోడు గారూ. కంటి ఇంజెక్షన్ మొదటిది అయింది. నాన్న ఒప్పుకున్నారు. మీ లెక్క, 300 ఎక్కడ, ఒకటింపావు ఎక్కడ అని చదివి వినిపిస్తే, “ముందే ఇలా చెప్పొచ్చు కదా” అన్నారు.

ఈ చర్చంతా రాత్రిళ్లు ఆయనకి చదివి వినిపిస్తున్నాను. అగ్రకణం దగ్గర ఆపమన్నారు. “ఏటిరా అది? దారానికి కొస ఉంటది. కొస తడిపి మెలిపెడితే సూదిలోకి అదే దారి చూసుకుంటది, వెనక దారం దాని ఎంబడే వస్తది. కొసకణం అనరాదూ?” అన్నారు.

పర్లాకిమిడి_మేష్టారు
ఒప్పుకున్నాను. కొసకణం. వెనక వచ్చేది కాడకణం. మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పు బాబూ.

ల్యాబ్_పురుగు
రేపటి నుంచి నా నోటుపుస్తకంలో ఇదే రాస్తాను. మా గైడుకి తెలుగు రాదు, అడిగితే ఏదో ఒకటి చెప్తాను.

డ్రెస్సింగ్_అక్క
బెలూన్ అయ్యాక రెండు మూడు వారాల్లో డ్రెస్సింగ్ విప్పినప్పుడు అడుగు రంగు చూసి చెప్పు తమ్ముడూ. ఫొటో వద్దు, రంగు రాస్తే చాలు.